పదిహేను గుంటల ఫుట్‌బాల్

కోరుట్ల, జగిత్యాలల్లో ఏ వాడకట్టు తీసుకున్నా లెక్క దాదాపు ఒకటే. తండ్రి తరానికి దుబాయ్, మస్కట్, దోహా. చదువుకున్న పిల్లల తరానికి డల్లాస్. సిరిసిల్ల వాళ్లకైతే వీటికన్నా ముందు ఇంకో మజిలీ ఉంది, మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భీవండి. ఎండాకాలం వచ్చిందంటే పచ్చళ్ల సీసాలకు టేపులు చుట్టి, సకినాలు డబ్బాలకెత్తి, విజిటర్ వీసా చేతబట్టుకొని తల్లిదండ్రులు శంషాబాద్‌లో విమానం ఎక్కుతారు. చేరేది ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో. శనివారం పొద్దున ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడికి పోతారు. మరి సాయంత్రం?

2021 నుంచి 2024 దాకా నాలుగు సీజన్లు ఆ ఊళ్లో సాయంత్రాలకు ఒక కాలక్షేపం ఉండేది. కొమెరికా సెంటర్ అనే హాల్లో ఫ్రిస్కో ఫైటర్స్ జట్టు ఇండోర్ ఫుట్‌బాల్ ఆడేది. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకొని పరుగెత్తే అమెరికా వాళ్ల ఆట. దాన్నే కుదించి కప్పు కిందికి తెచ్చారు. కోరుట్ల నుంచి వెళ్లిన పెద్దమనిషి మొదటిసారి ఆ హాల్లో కూర్చుంటే ఏమడుగుతాడో ఊహించడం కష్టమేం కాదు.

"ఇదేం ఆట బిడ్డా, కొట్లాటనా?"

"ఆటనే బాపు. బాల్ పట్టుకొని ఆ గీత దాటాలె."

"మరి గోడ మీద పడుతున్నరేంది?"

గోడ మీద పడటమే ఈ ఆటలో సగం సొగసు. మైదానానికి నాలుగు వైపులా నడుము ఎత్తున గోడ, దానికి మందపాటి మెత్త. మొదటి వరుస ప్రేక్షకుడు చెయ్యి చాపితే ఆ మెత్త తగులుతుంది. నూరు కిలోల మనిషి పరుగున వచ్చి దాన్ని గుద్దుకుంటే కుర్చీ కింద అదురు తెలుస్తుంది. అప్పుడప్పుడు ఆటగాడు గోడ దాటి పాప్‌కార్న్ తింటున్న వాళ్ల ఒళ్లో పడతాడు. పైకి లేపి, వీపు తట్టి, మళ్లీ లోపలికి పంపిస్తారు. ఎనభై వేల మంది పట్టే స్టేడియంలో ఆఖరి వరుసన కూర్చొని తెర మీద ఆట చూసే వాళ్లకు ఆ భాగ్యం లేదు.

గుంటల లెక్క

ఈ ఆట అర్థం కావడానికి మనకు పట్టాదారు పాసుపుస్తకం చాలు. కొలతలన్నీ గజాల్లో ఉంటాయి, మన ప్లాట్లు కొలిచే గజాలే. ఆరుబయట ఆడే అసలు మైదానం, రెండు చివర్ల ఎండ్‌జోన్లు కలుపుకుంటే 120 గజాల పొడవు, 53 గజాల పైన వెడల్పు. అంటే ఎకరం పదమూడు గుంటలు. ఇండోర్‌లో గోల్ గీత నుంచి గోల్ గీతకు 50 గజాలే. ఎండ్‌జోన్లు కలిపితే 66 గజాల దాకా వస్తుంది. వెడల్పు 28 గజాల పైచిలుకు. మొత్తం పదిహేను గుంటలు, కొద్దిగా చిల్లర. ఐస్ హాకీ రింకు ఎంతుంటుందో దాదాపు అంత. ఆ మంచు మీదే కృత్రిమ గడ్డి పట్టాలు పరిచి ఆడతారు.

నేల తగ్గింది కాబట్టి మనుషులూ తగ్గారు. ఒక్కో జట్టుకు 11 మంది బదులు 8 మంది. ఆట మూల పద్ధతి మాత్రం పాతదే. బంతి దక్కిన జట్టుకు నాలుగు ప్రయత్నాలు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరగాలి, లేదంటే బంతి ఎదుటివాడిది. కబడ్డీలో మూడో కూతను చావో రేవో అన్నట్టు ఆడే రైడర్‌ను చూసినవాళ్లకు నాలుగో ప్రయత్నం ఒత్తిడి ఎట్లాంటిదో చెప్పక్కర్లేదు. గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. నేల చిన్నది కాబట్టి ఆరుబయట ఇరవై చేసే జట్టు ఇక్కడ అరవై చేస్తుంది. 2025లో ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్లో వేగస్ నైట్ హాక్స్ జట్టు గ్రీన్‌బే బ్లిజార్డ్‌ను 64–61తో ఓడించింది. రెండు జట్లూ కలిపి 125 పాయింట్లు, తేడా మూడు. మూత్రానికి లేచి వెళ్లొచ్చేలోపు ఆధిక్యం చేతులు మారిపోయే ఆట ఇది.

ఫ్రిస్కో ఫైటర్స్ ఆడింది ఈ లీగ్‌లోనే. నాలుగేళ్లలో ఒక్కసారీ ఫైనల్ గడప తొక్కలేదు. 2024 తర్వాత హాలు మరమ్మతులకు పోయింది, జట్టూ పోయింది.

ఏనుగుల పేడ మీద ఛాంపియన్‌షిప్

కప్పు కింద తొలి పెద్ద ఫైనల్ ఎట్లా జరిగిందో తెలుసుకోవాలంటే 1932 డిసెంబర్‌కు పోవాలి. అప్పటికి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఫైనల్ అనే మాటే లేదు. సీజన్ చివర ఎవరి గెలుపు శాతం ఎక్కువైతే వాళ్లే ఛాంపియన్. డ్రా అయిన ఆటలను లెక్కలోకే తీసుకోరు. ఆ ఏడు షికాగో బేర్స్ ఆరు గెలిచి ఒకటి ఓడింది, ఆరు డ్రా చేసుకుంది. పోర్ట్స్‌మౌత్ స్పార్టన్స్ కూడా ఆరు గెలిచి ఒకటే ఓడింది, నాలుగు డ్రా. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఆడిన రెండు ఆటలూ డ్రానే. పది ఆటలు గెలిచిన గ్రీన్‌బే ప్యాకర్స్ మాత్రం మూడు ఓడినందుకు అప్పటికి మూడో స్థానంలో ఉంది. లెక్క తెగకపోవడంతో ఇంకో ఆట పెట్టాల్సి వచ్చింది.

పోర్ట్స్‌మౌత్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోవడం అన్యాయం. ఒహాయో నది ఒడ్డున చెప్పుల ఫ్యాక్టరీలు, ఉక్కు మిల్లు ఉన్న చిన్న పట్టణం. జనాభా అప్పట్లో నలభై వేల చిల్లర, ఇప్పటి కోరుట్లకన్నా తక్కువే. న్యూయార్క్, షికాగోలతో సమానంగా ఆ ఊరికొక జట్టు ఉండేది. అదే డిసెంబర్ 4న గ్రీన్‌బేతో ఆడిన ఆటలో పోర్ట్స్‌మౌత్ తరఫున దిగిన పదకొండు మందే ఆఖరిదాకా ఆడారు. మార్పు ఆటగాడిగా ఒక్కడూ లోపలికి రాలేదు. 19–0తో గెలిచారు. అమెరికాలో ఇప్పటికీ దాన్ని ఐరన్‌మ్యాన్ గేమ్ అంటారు.

రెండు వారాల తర్వాత, డిసెంబర్ 18న షికాగోలో నిర్ణయాత్మక ఆట. బేర్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్. కానీ మంచు తుఫాను, ఎముకలు కొరికే చలి. ఆ చలిలో టికెట్ కొనే వాడెవడు? బేర్స్ యజమాని జార్జ్ హాలస్ ఆటను షికాగో స్టేడియం అనే కప్పు ఉన్న హాల్లోకి మార్పించాడు. బాక్సింగ్, ఐస్ హాకీ జరిగే చోటు అది. అంతకుముందే అక్కడ సర్కస్ ఆడి పోయింది. గచ్చు మీద సర్కస్ వాళ్లు పోసిన మట్టి అట్లాగే ఉంది. దానిమీదే గీతలు గీశారు. ఏనుగులు, గుర్రాలు తొక్కిన మట్టి. అందులో ఏమేం కలిసి ఉందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ కంపుకు ఆటగాళ్లు డోక్కున్నారని కూడా కథలున్నాయి.

మైదానం మొత్తం పొడవు 80 గజాలు, వెడల్పు 45. మన లెక్కలో ముప్ఫై గుంటలకు ఇంచుమించు. పొడవు చాలదు కాబట్టి, ఒక జట్టు మధ్య గీత దాటిందంటే బంతిని 20 గజాలు వెనక్కి తెచ్చి మళ్లీ మొదలుపెట్టాలని ఒప్పందం. గోల్ స్తంభాల మధ్యకు బంతి తన్నే ఫీల్డ్ గోల్స్ వద్దన్నారు. గోడలు మరీ దగ్గర కాబట్టి, బంతి పక్క గీత దాటినప్పుడల్లా లోపలికి పది గజాలు జరిపి ఆట సాగించాలన్నారు. అవసరం కొద్దీ అప్పటికప్పుడు పెట్టుకున్న షరతులివి. తర్వాతి కథకు మూలం వీటిలోనే ఉంది.

పోర్ట్స్‌మౌత్‌కు పెద్ద దెబ్బ వేరే తగిలింది. వాళ్ల మేటి ఆటగాడు డచ్ క్లార్క్ ఆ రోజు లేడు. సీజన్ అయిపోయిందని కొలరాడో కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. లీగ్‌లో మొదటి వరుస ఆటగాడికే ఆటతో ఇల్లు గడవని కాలం అది. పైగా మహా మాంద్యం.

పదకొండు వేల మంది చూస్తుండగా మూడు క్వార్టర్లు గడిచినా ఖాతా తెరవలేదు, 0–0. నాలుగో క్వార్టర్లో పోర్ట్స్‌మౌత్ విసిరిన బంతిని బేర్స్ ఆటగాడు డిక్ నెస్బిట్ మధ్యలో అందుకున్నాడు. బేర్స్ గోల్ గీత దగ్గరికి చేరింది. అందరి కళ్లూ బ్రాంకో నగుర్‌స్కీ మీదే. ఎద్దులాంటి మనిషి, బంతి చేతికిస్తే మనుషుల్ని దున్నుకుంటూ పోతాడు. ఆఖరి ప్రయత్నంలో మళ్లీ బంతి అతనికే ఇచ్చారు. రెండడుగులు ముందుకు వేశాడు, ఆగాడు, వెనక్కి జరిగాడు, ఎండ్‌జోన్‌లో ఉన్న రెడ్ గ్రాంజ్‌కు విసిరాడు. టచ్‌డౌన్. పోర్ట్స్‌మౌత్ కోచ్ పాట్సీ క్లార్క్ మండిపడ్డాడు. అప్పటి నిబంధన ప్రకారం బంతి విసిరేవాడు ఆ ప్రయత్నం మొదలైన గీతకు కనీసం ఐదు గజాల వెనక ఉండాలి, నగుర్‌స్కీ లేడు అని అతని వాదన. రిఫరీ వినలేదు. చివరికి మరో మూడు పాయింట్లు కలిసి 9–0తో బేర్స్ గెలిచింది.

ఆ గొడవే ఆటను మార్చేసింది. 1933లో లీగ్ పెద్దలు కూర్చొని నిబంధనలు తిరగరాశారు. ప్రయత్నం మొదలైన గీతకు వెనక ఎక్కడి నుంచైనా బంతి విసరొచ్చన్నారు. గోడల కోసం పెట్టుకున్న పది గజాల షరతును ఆరుబయట మైదానాలకూ ఖాయం చేశారు. గోల్ స్తంభాలను గోల్ గీత మీదికి జరిపారు. లీగ్‌ను రెండు విభాగాలు చేసి ఏటా ఫైనల్ పెట్టాలని తీర్మానించారు. ఇవాళ ప్రపంచమంతా చూసే సూపర్ బౌల్‌కు తాత ఎవరంటే, సర్కస్ మట్టి మీద ముప్ఫై గుంటల్లో ఆడిన ఆ ఆటే.

పోర్ట్స్‌మౌత్‌కు మాత్రం ఏమీ మిగల్లేదు. 1934లో జట్టును డెట్రాయిట్‌కు అమ్మేశారు. డెట్రాయిట్ లయన్స్ అంటే అదే. చిన్న ఊళ్ల జట్లలో నిలిచింది ఒక్క గ్రీన్‌బే.

కవరు మీద గీసిన మైదానం

1981లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ మ్యాచ్ చూస్తూ కూర్చున్న జిమ్ ఫాస్టర్ అనే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. సాకర్‌ను లోపల ఆడగలిగినప్పుడు ఫుట్‌బాల్‌ను ఎందుకు ఆడకూడదు? చేతిలో ఉన్న గోధుమరంగు కవరు మీదే మైదానం గీశాడు. 1986లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ అనే మధ్యరకం ఊళ్లో ప్రయోగంగా ఒక ఆట ఆడించాడు. 1987లో నాలుగు జట్లతో అరీనా ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. ఆగస్టు 1న పిట్స్‌బర్గ్‌లో తొలి అరీనాబౌల్. ఆతిథ్య జట్టు గ్లాడియేటర్స్‌ను డెన్వర్ డైనమైట్ 45–16తో చిత్తు చేసింది.

ఫాస్టర్ తెలివి గోల్ స్తంభాల పక్కన కనిపిస్తుంది. రెండు వైపులా పెద్ద వలలు బిగించాడు. గురి తప్పిన బంతి వలకు తగిలి తిరిగొస్తుంది, ఆట ఆగదు. ఆ వలలకు పేటెంటు కూడా తీసుకున్నాడు. అందుకే పోటీ లీగ్‌లు చాలా ఏళ్లు వలలు లేకుండానే ఆడుకున్నాయి. బంతి ప్రేక్షకుల్లో పడితే పట్టినవాడు ఇంటికి తీసుకుపోవచ్చని ఇంకో ఆకర్షణ పెట్టారు. జీతాలకు డబ్బు తక్కువ కాబట్టి ఒక్కో ఆటగాడు దాడిలోనూ రక్షణలోనూ ఆడాలన్నారు. పోర్ట్స్‌మౌత్ పదకొండు మంది చేసిన పనే, ఈసారి ఖర్చు తగ్గించుకోవడానికి.

ఈ పదిహేను గుంటల్లోంచి వచ్చిన మనిషే కర్ట్ వార్నర్. అయోవా కుర్రాడు. 1994లో గ్రీన్‌బే ప్యాకర్స్ శిబిరానికి వెళ్తే పనికిరావని ఇంటికి పంపారు. సీడర్ ఫాల్స్‌లో హైవీ అనే కిరాణా దుకాణంలో రాత్రి పూట అరల్లో సరుకు సర్దే పనికి కుదిరాడు, గంటకు ఐదున్నర డాలర్లు. రాత్రి షిఫ్టులో సాంచెల, అంటే మరమగ్గాల మధ్య నిలబడి పొద్దున క్రికెట్ బ్యాట్ పట్టుకొనే సిరిసిల్ల కుర్రాళ్లకు ఆ బతుకు కొత్తేమీ కాదు. 1995లో ఇండోర్ జట్టు అయోవా బార్న్‌స్టార్మర్స్ అతన్ని తీసుకుంది. ఇరుకు మైదానంలో బంతి చేతిలో ఉంచుకోవడానికి టైమ్ ఉండదు. ఎదుటివాడు మీద పడేలోపే ఎవరికి విసరాలో తేల్చేసుకోవాలి. మూడేళ్లు అదే సాధన. జట్టును రెండుసార్లు ఫైనల్‌కు తెచ్చాడు, రెండుసార్లూ ఓడాడు. 1996లో టాంపా బే చేతిలో 42–38, మరుసటేడు అరిజోనా చేతిలో 55–33.

2000 జనవరి 30. అట్లాంటాలో జార్జియా డోమ్. అదీ కప్పు ఉన్న స్టేడియమే, కాకపోతే మైదానం నిండు కొలతలది. సెయింట్ లూయిస్ రామ్స్ తరఫున వార్నర్, ఎదురుగా జెఫ్ ఫిషర్ శిక్షణలోని టెనెసీ టైటన్స్. వార్నర్ ఆ రోజు విసిరి సంపాదించిన దూరం 414 గజాలు, అప్పటికి సూపర్ బౌల్ రికార్డు. 16–16 దగ్గర, రెండు నిమిషాలు కూడా మిగలని వేళ ఐజాక్ బ్రూస్‌కు విసిరిన బంతి 73 గజాల టచ్‌డౌన్ అయింది. ఆఖరి క్షణంలో టైటన్స్ ఆటగాడు కెవిన్ డైసన్ చెయ్యి చాపి గీత వైపు దూకితే, మైక్ జోన్స్ కాళ్లు చుట్టేసి గజం దూరంలో పడేశాడు. కబడ్డీలో మధ్య గీతకు జానెడు దూరంలో చీలమండ దొరకబట్టినట్టే. రామ్స్ 23, టైటన్స్ 16. వార్నరే ఆ ఆటకు అత్యుత్తమ ఆటగాడు.

వార్నర్, ఫిషర్ ఇద్దరూ ఈ కథలోకి మళ్లీ వస్తారు.

హైదరాబాద్‌కూ ఒక జట్టుండేది

చాలామందికి గుర్తుండదు. 2011లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి ప్రకటించారు. పెట్టుబడిదారులు, మద్దతుదారుల్లో పెద్ద పేర్లే ఉన్నాయి: కోచ్ మైక్ డిట్కా, హాలీవుడ్ నటుడు మార్క్ వాల్‌బర్గ్, తండ్రి వైపు భారతీయ మూలాలున్న ఆటగాడు బ్రాండన్ చిల్లర్, ఇంకా మన వార్నర్. ముంబై, పుణె, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాలతో పాటు హైదరాబాద్‌కు కూడా జట్టు దక్కింది. పేరు హైదరాబాద్ స్కైకింగ్స్. రగ్బీ, కబడ్డీ, కుస్తీ నేపథ్యమున్న కుర్రాళ్లను పోగుచేసి హెల్మెట్లు తొడిగారు.

2012లో ఆటలు జరిగాయి, ఎక్కువ భాగం కొలంబోలోని సుగతదాస స్టేడియంలో. ముందుగా చిత్రీకరించి తర్వాత టీవీలో వేశారు. హైదరాబాద్ జట్టు ఆట చూడాలంటే హైదరాబాదీకి టీవీ తప్ప దారి లేదు. ఎలీట్ బౌల్ అని పిలిచిన ఫైనల్లో పుణె మరాఠాస్ 6–0తో ఢిల్లీ డిఫెండర్స్‌ను ఓడించింది. ఒక్క టచ్‌డౌన్, అంతే. ఆ లీగ్ తర్వాత నిలదొక్కుకోలేదు.

ఆ స్కోరు చూసి నవ్వడం సులువు. నేను ఆ కుర్రాళ్లను తప్పుపట్టను. జీవితంలో ఎన్నడూ చూడని ఆటను నెలల్లో నేర్చుకొని, ఒంటి మీద పదేసి కిలోల సామానుతో, సముద్రం తేమలో ఆడారు. తప్పు వరుసలో ఉంది. ముందు టీవీ, తర్వాత జట్టు, తర్వాత ఆటగాడు, ప్రేక్షకుడు ఆఖరున. పోర్ట్స్‌మౌత్‌లోనూ గ్రీన్‌బేలోనూ వరుస దీనికి పూర్తిగా తలకిందులు. నిండు కొలతల మైదానంతో మొదలుపెట్టడం రెండో తప్పు. వార్నర్‌ను పెంచింది చిన్న మైదానమే కదా, ఆయన పేరు వాడుకున్నవాళ్లు ఆ సంగతి అడిగి ఉంటే ఎకరం పదమూడు గుంటలు వెతుక్కుంటూ కొలంబో దాకా పోవాల్సిన పని ఉండేది కాదేమో.

మన ఆట కప్పు కిందికి వచ్చిన వైనం

ఇదే పనిని మనవాళ్లు ఇంకో ఆటతో చక్కగా చేశారు. సంక్రాంతికో జాతరకో ఊరి బడి గ్రౌండులో సున్నంతో గీతలు గీసి, నాలుగు కర్రలకు ఫ్లడ్ లైట్లు కట్టి ఆడే కబడ్డీని 2014లో ప్రో కబడ్డీ లీగ్ పేరుతో ఏసీ హాళ్లలోకి మార్చారు. ఆట వరుస ఇక్కడ సరిగ్గా ఉంది. ఆటగాళ్లు ముందే ఉన్నారు, ప్రేక్షకులు ముందే ఉన్నారు, టీవీ చివరగా వచ్చింది. ఇండోర్ ఫుట్‌బాల్ వాళ్లు చేసిన ప్రతి పనీ ఇక్కడా కనిపిస్తుంది. 30 సెకన్ల గడియారం, మూడో రైడ్‌కు పాయింటు తేకపోతే ఔట్, మ్యాట్ అంచుకు ఆనుకొని కెమెరాలు.

కప్పు ఉచితంగా రాదు. మట్టిలో పెరిగిన కుర్రాడు మ్యాట్ ఎక్కితే మొదట తడబడేది అడుగుల దగ్గరే. మట్టిలో మడమ తిప్పితే కొద్దిగా జారి కుదురుకుంటుంది. మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది, మోకాలు మాత్రం తిరుగుతుంది. అందుకే మట్టిలో మొనగాళ్లయిన వాళ్లు కూడా అడుగులు మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం సిరిసిల్ల నుంచి 140 కిలోమీటర్ల పైనే, జగిత్యాల నుంచి రెండొందలకు దగ్గర. మ్యాట్ అలవాటు కావాలంటే అది ఊళ్లోనే ఉండాలి, అంత దూరంలో కాదు. మా వాళ్లకు పెద్ద పెద్ద కప్పులు వేయడం బాగా వచ్చు. ఖతర్‌లో ప్రపంచకప్ స్టేడియాలు లేచినప్పుడు అందులో తెలంగాణ కార్మికుల చెమట కూడా ఉంది. వాటి కింద ఆడే యోగమే రాలేదు.

ఇక ప్రో కబడ్డీలో మన జట్టు తెలుగు టైటన్స్. 2024 అక్టోబర్ 18న గచ్చిబౌలిలో పదకొండో సీజన్ తొలి ఆట బెంగళూరు బుల్స్‌పై గెలిచారు. 2025లో ఫైనల్‌కు ఒక్క అడుగు దూరం దాకా వచ్చి రెండో క్వాలిఫయర్లో పుణెరి పల్టన్ చేతిలో ఆగిపోయారు. 2014 నుంచి ఇప్పటిదాకా ఒక్క ఫైనలూ లేదు. ఫ్రిస్కో ఫైటర్స్‌కూ లేదు, స్కైకింగ్స్‌కూ లేదు. టైటన్స్ అన్న పేరులోనే ఏదో ఉందని, అట్లాంటాలో గజం దూరంలో ఆగిపోయిన వాళ్లను కూడా కలిపి, జాతకాలు చూసేవాళ్లు అంటే అననివ్వండి.

ఊరి జట్టు, ఊరి డబ్బు

గ్రీన్‌బే జనాభా లక్ష పైచిలుకు, జగిత్యాల అంత ఊరు. ఆ ఊరికి రెండు ఫుట్‌బాల్ జట్లు. ఆరుబయట ప్యాకర్స్, లోపల 2025 ఫైనల్లో మూడు పాయింట్లతో ఓడిన బ్లిజార్డ్. ప్యాకర్స్ సంగతి మరీ విచిత్రం. 1923 నుంచి ఆ జట్టుకు ఒక్క యజమాని అంటూ లేడు, వాటాదారులున్నారు. ఇప్పుడు ఐదు లక్షల మందికి పైనే. ఆ వాటాకు డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోవడానికి లేదు. గోడకు కాగితం తగిలించుకొని మా జట్టు అని చెప్పుకోవడమే లాభం. ఆసాములు, కార్మికులు కలిసి మ్యాక్స్ సంఘాలు పెట్టుకొని బతుకమ్మ చీరల ఆర్డర్లు నేసిన సిరిసిల్లలో ఇది చెబితే వెంటనే అర్థమవుతుంది. సంఘంలో డబ్బు ఆలస్యమైతే సాంచెలు ఎట్లా ఆగిపోతాయో కూడా వాళ్లకు తెలుసు.

ఇండోర్ ఆటకు అలాంటి దన్ను దొరకలేదు. ఫాస్టర్ లీగ్ 2009లో మూతపడి, మళ్లీ తెరుచుకొని, 2019తో ఆగింది. 2024లో కొత్త యాజమాన్యం 16 జట్లతో ఆర్భాటంగా మొదలుపెట్టింది. నెల తిరక్కముందే జీతాలు అందలేదన్న గోల, జట్ల కూలుడు. కమిషనర్‌ను తప్పించి ఆ కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టారు. ఆయనే జెఫ్ ఫిషర్, అట్లాంటాలో గజం తేడాతో ఓడిన కోచ్. మిగిలిన జట్లను పోగేసి ఎట్లాగో సీజన్ పూర్తి చేయించాడు.

ఆ ఏడాది ఫైనల్ జూలై 19న జరిగింది, న్యూజెర్సీలో ఒక షాపింగ్ మాల్‌లో. అమెరికన్ డ్రీమ్ అని ఆ మాల్ పేరు. స్కేటింగ్ చేసే రింకు మీద గడ్డి పరిచారు. పక్కనే ఎనభై వేల మంది పట్టే మెట్‌లైఫ్ స్టేడియం ఉంది, దాంతో వీళ్లకేం పని లేదు. మాంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్, అదీ లక్ష దాటిన ఊరే, అక్కడి ఔట్‌లాస్ జట్టు ఆల్బనీ ఫైర్‌బర్డ్స్‌ను 46–41తో ఓడించింది. షికాగోలో సర్కస్ మట్టి, ఇక్కడ మాల్. ఆట మాత్రం ఆఖరి నిమిషాల దాకా తేలని ఆటే. లీగ్ పేరు ఆ సీజన్‌తో పోయింది. బతికిన జట్లు మరుసటేడు అరీనా ఫుట్‌బాల్ వన్ అని ఇంకో బోర్డు కట్టుకున్నాయి.

జీతం వస్తుందో రాదో తెలియకుండా ఆ సీజన్ ఆడిన వాళ్లను పిచ్చివాళ్లంటారు కొందరు. వాళ్లలో ప్రతి ఒక్కడికీ వార్నర్ కథ కంఠస్థం. వేలమందిలో ఒకడికి దక్కిన అదృష్టాన్ని చూపించి మిగతావాళ్ల చేత చవకగా పని చేయించుకోవడం ఏ ఆట లీగ్‌కైనా అలవాటే, మన దగ్గరా అంతే.

ఈ కుదింపులో ఇంకో మెట్టు మన దేశంలోనే పడింది. 2023 అక్టోబర్‌లో ముంబైలో కూర్చున్న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఐదు ఆటలు చేర్చింది. క్రికెట్ ఉందని మనమంతా పండగ చేసుకున్నాం. దాని పక్కనే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. జట్టుకు ఐదుగురు. స్త్రీలకూ పురుషులకూ విడివిడిగా పోటీలు. మీద పడి కూల్చడం ఉండదు. నడుముకు బెల్టు, దానికి వేలాడే గుడ్డ పట్టీలు. పట్టీ లాగేస్తే దొరికిపోయినట్టే. మైదానం 50 గజాలు, చివర్లు కలిపి 70, వెడల్పు 25. అంటే పద్నాలుగున్నర గుంటలు.

హెల్మెట్ అక్కర్లేదు, భుజాలకు తొడుగులు అక్కర్లేదు, కప్పు కూడా అక్కర్లేదు. కబడ్డీలో ఒళ్లు వంచి తప్పించుకోవడం వచ్చిన పిల్లకు పట్టీ అందకుండా పరుగెత్తడం కష్టమేం కాదు. హైస్కూలు గ్రౌండులో క్రికెట్ పిచ్‌కు ఒక పక్కన సున్నంతో గీసుకోవచ్చు, పీఈటీ సారు ఒప్పుకుంటే.